వీడియో వేస్తే కళ్లప్పగించి చూస్తారు, స్లిప్ టెస్ట్‌లో నీళ్లు నములుతారు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా బయాలజీ చెప్తాను. మా క్లాసుల్లో పెద్ద డిజిటల్ ప్యానెల్స్ బిగించినప్పుడు చాలా సంబరపడ్డాను. ఇప్పుడు నేను గదిలో అడుగు పెట్టగానే పిల్లలు ‘మేడమ్, వీడియో!’ అంటారు. వేసినంతసేపు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అర్థమైందా అంటే క్లాసంతా ఒక్క గొంతుతో ‘ఎస్ మేడమ్’. మొన్న కణవిభజన వీడియో ఒకటికి రెండుసార్లు చూపించాను. వారం తర్వాత స్లిప్ టెస్ట్‌లో మెటాఫేజ్ దశలో ఏం జరుగుతుందని అడిగితే సగం మంది ఖాళీ పేపర్లు ఇచ్చారు. ‘వీడియోలో చూశాం మేడమ్, గుర్తు రావట్లేదు’ అంటున్నారు. ప్యానెల్ రోజూ వాడాల్సిందే అంటారు మా హెచ్.ఎం. సార్. వీడియోలతో చదువు రాదు, చాక్‌పీసే నయం అంటారు మా సీనియర్ మేడమ్. పైగా మంచి వీడియోలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, మా పిల్లల్లో తెలుగు వాళ్లు, ఉర్దూ వాళ్లు, హిందీ వాళ్లు కలిసి ఉన్నారు. పీరియడ్ 45 నిమిషాలే, సిలబస్ టెన్షన్ ఒకటి. వీడియోలు మొత్తానికే మానేయమంటారా?
– ఒక టీచర్, హైదరాబాద్

సమాధానం: టీచర్ గారూ, మానేయకండి. వేసే పద్ధతి మాత్రం మార్చండి.

ముందు ఆ నిశ్శబ్దం గురించి మాట్లాడుకుందాం. యాభై మంది ఉన్న గది ఉన్నట్టుండి సద్దుమణిగితే ఏ టీచర్‌కైనా ప్రాణం లేచొస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ పిల్లలు తెర వైపు చూస్తున్నారన్న సంగతి ఒక్కటే ఆ నిశ్శబ్దం చెప్తుంది. లోపల ఏం ఆలోచిస్తున్నారో, అసలు ఆలోచిస్తున్నారో లేదో చెప్పదు. మీ పిల్లలు ‘ఎస్ మేడమ్’ అన్నప్పుడు అబద్ధం ఆడలేదు, నిజంగానే అర్థమైందనుకున్నారు. బొమ్మ బాగుంది, గొంతు బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. అంత సాఫీగా సాగే వివరణ ఎదురుగా ఉంటే మనకే అన్నీ తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. వాళ్ల సంగతి చెప్పాలా?

దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. డెరెక్ ముల్లర్ అనే ఆయన సిడ్నీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం చేశారు, 2008లో పూర్తయింది. ఇప్పుడు ఆయన సైన్స్ వీడియోలు ప్రపంచమంతా చూస్తోంది. న్యూటన్ సూత్రాల మీద ఆయన రకరకాల వీడియోలు తయారుచేసి విద్యార్థులకు చూపించారు. ఒక రకంలో విషయాన్ని తిన్నగా, స్పష్టంగా చెప్పేశారు. ఇంకో రకంలో ఒక విద్యార్థి తన తప్పు అభిప్రాయాన్ని పైకి చెప్తాడు, దాని మీద వాదన నడుస్తుంది, ఆ తర్వాతే సరైన సమాధానం వస్తుంది. స్పష్టంగా చెప్పిన వీడియో చూసినవాళ్లు చాలా తేలిగ్గా ఉందన్నారు, పరీక్ష పెడితే మార్కులు ఇంచుమించు ముందున్నచోటే ఉన్నాయి. తమ మనసులో ముందే ఉన్న తప్పునే ఆ వీడియో కూడా చెప్తోందనుకుని వెళ్లిపోయారు. వాదన ఉన్న వీడియో తికమకగా ఉందన్నవాళ్లు మాత్రం ఎక్కువ నేర్చుకున్నారు. అది యూనివర్సిటీ పిల్లల సంగతి. మన తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది ఇంకా బాగా వర్తిస్తుందని నా గట్టి నమ్మకం.

అందుకే ప్లే నొక్కకముందు పిల్లలు ఏదో ఒక మాట మీద నిలబడాలి. తప్పో ఒప్పో తర్వాత సంగతి, నోట్‌బుక్‌లో రాసి మరీ నిలబడాలి. అలా రాశాక చూసే వీడియో వేరేగా కనిపిస్తుంది. తన జవాబు నెగ్గిందా ఓడిందా అని వెతుక్కుంటూ చూస్తారు.

పదో తరగతి గుండె పాఠంతో చెప్తాను, మీ సబ్జెక్టే కాబట్టి. పిల్లలను ముందు మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకోమనండి, ఒక నిమిషం లెక్కపెట్టమనండి. గరాటుకు రబ్బరు ట్యూబు తగిలిస్తే చాలు, ఎవరి గుండె చప్పుడు వాళ్లే వినొచ్చు. 1816లో పారిస్‌లో లేనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు, స్టెతస్కోప్ అక్కడే మొదలైంది. ‘లబ్ డబ్, లబ్ డబ్’ అని పిల్లలు సొంత చెవులతో వినేదాకా ప్యానెల్ ఆన్ చేయకండి.

అప్పుడు బోర్డు మీద ఒకే ఒక ప్రశ్న రాయండి: ఈ చప్పుడు దేనివల్ల వస్తోంది? గుండె గట్టిగా ముడుచుకోవడం వల్లా? రక్తం వేగంగా దూకడం వల్లా? కవాటాలు మూసుకోవడం వల్లా? ఎవరికి వాళ్లు ఒకటి ఎంచుకుని, ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. తర్వాత చేతులెత్తించి, దేనికి ఎంతమందో బోర్డు మీద అంకె వేయండి. జవాబు మాత్రం చెప్పకండి, ముఖంలో కూడా కనబడనివ్వకండి. మొదటిదానికే ఎక్కువ చేతులు లేస్తాయి. గుండె అంటే పిడికిలిలా బిగుసుకునేదే అని వాళ్లు విన్నారు కదా.

ఇప్పుడు వీడియో. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు కొట్టుకుంటున్న గుండెలో రక్తానికి బదులు పారదర్శకమైన ద్రవం నింపి, లోపల చిన్న కెమెరా పెట్టి తీసిన దృశ్యాలు ఉన్నాయి. కవాటాలు తెల్లటి పల్చని రెక్కల్లా తెరుచుకోవడం, టక్కున మూసుకోవడం కళ్లకు కడతాయి. అలాంటిది ఒక నలభై సెకన్లు చాలు. సౌండ్ తీసేసి వేయండి. ఆపాక ‘ఏం అర్థమైంది’ అని అడగకండి, ‘ఏం చూశారు’ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది. మొదటిదానికి మొదటి బెంచీ పిల్లలే జవాబిస్తారు. రెండోదానికి చివరి బెంచీ నుంచి కూడా చెయ్యి లేస్తుంది, చూడటానికి మార్కులతో పని లేదు కాబట్టి. ‘తలుపులా ఉంది’, ‘తెల్లగా పొర’, ‘దారాలు పట్టుకుని లాగుతున్నట్టుంది’ అంటారు. ఆ దారాల మాట ఎవరైనా అంటే మెచ్చుకోండి. కర్ణిక అనే పై గదికి, జఠరిక అనే కింది గదికి మధ్యనున్న కవాటం వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచేవి అవే.

రెండోసారి వేసినప్పుడు పిల్లలకు ఒక పని ఇవ్వండి. రెక్కలు మూసుకున్న ప్రతిసారీ బెంచీ మీద వేలితో కొట్టాలి. గది మొత్తం ఒకే తాళంలో కొట్టేసరికి, చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో మీరు చెప్పాల్సిన అవసరమే ఉండదు. అప్పుడు బోర్డు మీది అంకెల దగ్గరికి వెళ్లి, మొదటిది ఎంచుకున్నవాళ్లలో ఒకరిని లేపి, ‘ఇప్పుడేమంటావు?’ అనండి. ఆ తర్వాత వచ్చే ప్రశ్న పిల్లలే అడుగుతారు: మూసుకోవడం ఒకటే అయితే చప్పుళ్లు రెండెందుకు? పక్కపక్కవాళ్లను మాట్లాడుకోనివ్వండి. కర్ణికలకు, జఠరికలకు మధ్య కవాటాలు మూసుకుంటే లబ్, ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే బృహద్ధమని దగ్గర, ఊపిరితిత్తులకు తీసుకెళ్లే పుపుస ధమని దగ్గర కవాటాలు మూసుకుంటే డబ్. ఈ మాట మీ నోటితో చివర్లో చెప్పండి, బొమ్మ బోర్డు మీద గీస్తూ చెప్పండి.

మొత్తం పీరియడ్‌లో వీడియో నడిచింది రెండు నిమిషాల లోపే. మిగతాదంతా పాఠం.

ఆ మర్నాడు మటన్ కొట్టు నుంచి ఒక గుండెకాయ తెప్పించండి. వీడియో చూపించలేనిదాన్ని అది చూపిస్తుంది. ఎడమ జఠరిక గోడ ఎంత మందమో వేలితో నొక్కితేనే తెలుస్తుంది. ఒళ్లంతటికీ రక్తం తోయాల్సింది అదే కదా, కుడివైపుది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. బృహద్ధమనిలో నిదానంగా నీళ్లు పోస్తే, కవాటం చెడకుండా ఉంటే, నీళ్లు లోపలికి జారకుండా కాసేపు నిలబడతాయి. నిన్న తెర మీద చూసిన తలుపు ఇదేనని పిల్లలకు అక్కడ వెలుగుతుంది. కత్తి మీ చేతిలోనే ఉండాలి, ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మాంసం ముట్టనివాళ్లను బలవంతపెట్టకండి, దూరం నుంచి చూసి బొమ్మ గీసే పని వాళ్లకు ఇవ్వొచ్చు.

ఇక మీ కణవిభజన వీడియో ఎందుకు తలకెక్కలేదో చూద్దాం. ఆ వీడియోలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. రంగురంగుల క్రోమోజోములు నాట్యం చేసినట్టు ఒక దశ నుంచి ఇంకో దశలోకి ఆగకుండా జారిపోతాయి, వెనకాల సంగీతం, ఇంగ్లిష్‌లో గబగబా పేర్లు. ఏది ముఖ్యమో, ఎక్కడ చూపు నిలపాలో పిల్లలకు తెలియదు. మెటాఫేజ్ అన్న మాట చెవిన పడేసరికి బొమ్మ తర్వాతి దశ అయిన అనాఫేజ్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఒక్కో దశ దగ్గర ఆపాలి. ఆపి, ఇద్దరేసి పిల్లలకు రెండు రంగుల ఊలు దారం ముక్కలు ఇవ్వండి. బెంచీ మీద చాక్‌పీసుతో ఒక పెద్ద సున్నా గీసి, అదే కణం అనుకోమనండి. తర్వాతి దశలో ఈ దారాలు ఎక్కడికి వెళ్తాయో వీడియో కంటే ముందు వాళ్లే అమర్చాలి. అమర్చాక ప్లే నొక్కండి. మధ్యలో వరుసగా పేర్చినవాళ్లు ‘వచ్చింది మేడమ్!’ అని అరుస్తారు, అటూ ఇటూ చెల్లాచెదురుగా పెట్టినవాళ్లు గబగబా సర్దుకుంటారు. ఆ సర్దుకోవడం దగ్గరే వాళ్లు మెటాఫేజ్ నేర్చుకుంటారు. వారం తర్వాత మీరు అడిగితే వాళ్లకు గుర్తొచ్చేది కూడా తమ చేతులు దారాలను జరిపిన తీరే.

రెండుసార్లు చూపించానన్నారు. ఆ రెండోసారి బదులు తెర ఆపేసి, ‘చూసింది చూసినట్టు రాయండి’ అని ఐదు నిమిషాలు ఇచ్చి ఉంటే ఎక్కువ ఫలితం ఉండేది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. వాళ్లు వాడింది అచ్చు పాఠం, వీడియో కాదు. అయినా మీ క్లాసులో వారం తర్వాత జరిగింది సరిగ్గా ఇదే. చూసిన వెంటనే మీకు ‘ఎస్ మేడమ్’ వినబడింది, వారం తర్వాత ఖాళీ పేపర్ కనబడింది. స్లిప్ టెస్ట్‌ను మార్కుల కోసమే దాచిపెట్టకండి. మార్కుల్లేని చిన్న చిన్న గుర్తుతెచ్చుకోవడాలు మధ్యమధ్యలో పెట్టండి. వీడియోలోని ఒక ఫ్రేమ్‌ను ఆపి, పేర్లు కనబడకుండా చూపించి, ‘ఇది ఏ దశ? ఎలా చెప్పగలవు?’ అనడం అన్నిటికంటే తేలిక.

ఒక విషయం దగ్గర కాస్త ఆగుతాను, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదని నాకు బాధ. మనం చూపించే యానిమేషన్లలో బోలెడు అబద్ధాలు ఉంటాయి. కావాలని చెప్పినవి కావు, అర్థం కావాలని చేసిన సదుపాయాలు. సిరల్లో రక్తం నీలంగా చూపిస్తారు. పదో తరగతి దాటాక కూడా మన ఒంట్లో సగం రక్తం నీలంగానే ఉంటుందనుకునేవాళ్లు ఉన్నారు. ఆక్సిజన్ తగ్గిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది, కాస్త ముదురు ఎరుపు, అంతే. చేతి మీద సిరలు నీలంగా కనిపించడం చర్మం గుండా వెలుతురు వెళ్లొచ్చే తీరు వల్ల. క్రోమోజోములు కూడా అంతే, వాటికి ఆ రంగులు ఉండవు. కణవిభజన తెర మీద ఇరవై సెకన్లలో అయిపోతుంది, నిజం కణంలో గంటకు అటూ ఇటూగా పడుతుంది, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. సౌరకుటుంబం వీడియోలో గ్రహాలన్నీ పక్కపక్కనే తిరుగుతుంటాయి. ఆ దూరాలు నిజంగా చూపించాలంటే ఏ తెరా సరిపోదు.

అందుకని వీడియో అయ్యాక ‘ఇందులో నిజం కానిది ఏంటి?’ అని అడగడం అలవాటు చేయండి. మొదట బిక్కమొహం వేస్తారు. టీచర్ చూపించిన దాంట్లో తప్పు ఉంటుందా అని. రెండు మూడు పాఠాలయ్యేసరికి వెతకడం మొదలుపెడతారు, పుస్తకంలోని బొమ్మతో పోల్చడం మొదలుపెడతారు. ఇంటికెళ్లాక ఫోన్లో వాళ్లకు ఎదురయ్యే సవాలక్ష వీడియోల మధ్య ఈ ఒక్క అలవాటు వాళ్లను ఎంత కాపాడుతుందో మీరే ఊహించండి.

ఏ పాఠానికి వీడియో వేయాలి అన్నదానికి నాకు ఒకే కొలత ఉంది. మన కళ్లతో, మన గదిలో చూడలేనిదైతే వేయాలి. అతి చిన్నది, అతి దూరంది, అతి నిదానంగా జరిగేది, మరీ వేగంగా జరిగేది, ప్రమాదకరమైనది. అమీబా కదలడం, అగ్నిపర్వతం, మొగ్గ విచ్చుకోవడం, సోడియం ముక్క నీళ్లలో పడటం. వీటికి చాక్‌పీసు చాలదు. గింజ మొలకెత్తడం మాత్రం వీడియోలో చూపించకండి. నాలుగు పెసలు తడిగుడ్డలో కట్టిస్తే మర్నాటికల్లా పిల్లలే తెచ్చి చూపిస్తారు. మీ సోషల్ టీచర్‌కు కూడా చెప్పండి. శిలలు ఎలా పగులుతాయో, పొరలు పొరలుగా ఎలా ఊడతాయో చూపించడానికి విదేశీ వీడియో వెతకనక్కర్లేదు, హైదరాబాద్ మొత్తం కూర్చున్నదే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. ఖాజాగూడ గుట్టల దగ్గరికి ఒక పూట తీసుకెళ్తే చాలు, ఇళ్ల కోసం పగలగొట్టకుండా మిగిలినవి ఇంకా కొన్ని ఉన్నాయి. లెక్కలకు వీడియో అవసరం చాలా తక్కువని నా అభిప్రాయం, లెక్క చేత్తో చేస్తేనే వస్తుంది. ఫిజిక్స్ చెప్పేవాళ్లకైతే వీడియో కంటే కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు మేలు. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, పిల్లాడే వచ్చి ప్యానెల్ మీద విలువలు మార్చి ఏమవుతుందో చూడొచ్చు.

భాష గురించి మీరు రాసింది చిన్న సమస్య కాదు. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం 2022-23లో మొదలైంది. పిల్లలు ఇంట్లో ఒక భాష, బస్తీలో ఇంకో భాష, పరీక్షలో మూడో భాష మోస్తున్నారు. అమెరికన్ యాసలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే వీడియో వాళ్లకు బొమ్మల సినిమాయే అవుతుంది. దీనికి నా జవాబు సూటిగా చెప్తాను: సౌండ్ తీసేసి మీరే మాట్లాడండి. మీ గొంతు వాళ్లకు అలవాటు, ఎవరు ఎక్కడ తప్పిపోయారో మీకు కనబడుతుంది, అవసరమైతే ఒక మాట తెలుగులో, ఒక మాట హిందీలో వేయగలరు. వెంట్రికల్, వాల్వ్, ఆర్టరీ లాంటి పదాలు ఇంగ్లిష్‌లోనే ఉంచండి, పరీక్షలో అవే రాయాలి. రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకం ఉంటే అదే పేజీ తెరిచి పక్కన పెట్టుకోమనండి. పక్కవాడికి వివరించేటప్పుడు మాత్రం ఏ భాషలోనైనా మాట్లాడుకోనివ్వండి. ఉర్దూలో అర్థమైన కవాటం కూడా అలాగే తెరుచుకుంటుంది, అలాగే మూసుకుంటుంది.

సబ్‌టైటిల్స్ సంగతి కూడా చెప్పాలి. బొమ్మ కదులుతుంటే, దాన్ని వివరిస్తూ గొంతు వస్తుంటే, అవే మాటలు కింద అక్షరాలుగా కూడా పరుగెడుతుంటే కళ్లు రెండు చోట్లకు లాగబడతాయి. అది నేర్చుకోవడానికి అడ్డం పడుతుందని రిచర్డ్ మేయర్ లాంటి పరిశోధకులు ఎన్నో ప్రయోగాల్లో చూపించారు. కానీ పరాయి భాషలో వినే పిల్లలకు అక్షరాలు ఊతం కూడా. అందుకని మొదటిసారి అక్షరాలు లేకుండా, తర్వాత అవసరమైన ముక్కకు మాత్రమే పెట్టి చూడండి.

ఎంతసేపు వేయాలి? 2014లో ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణల లెక్కలు తీసి చూస్తే, వీడియో ఎంత పొడుగున్నా చూసేవాళ్ల ఓపిక సుమారు 6 నిమిషాలు దాటలేదు. వాళ్లు సొంతంగా కోర్సులో చేరి చూస్తున్నవాళ్లు. మన క్లాసులో ఒక్కో ముక్క మూడు, నాలుగు నిమిషాలు మించకపోతే మంచిది.

సిలబస్ టెన్షన్ మాటకొస్తే, మీ కణవిభజన పాఠమే చూడండి. రెండుసార్లు వీడియోకు పట్టిన సమయం, స్లిప్ టెస్ట్ తర్వాత మళ్లీ చెప్పడానికి పట్టే పీరియడ్ కలిపి లెక్కేయండి. దారాలతో చేసే పద్ధతికి అంతకంటే ఎక్కువ పట్టదు.

ముందురోజు ఇంట్లో వీడియో మొత్తం మీరు చూసి ఉండాలి. ఎక్కడ ఆపాలో, ఏం అడగాలో ఒక చీటీ మీద రాసుకోండి. డౌన్‌లోడ్ సదుపాయం ఉన్నది పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ బెడద, నడుమ వచ్చే యాడ్‌ల బెడద ఉండవు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న వీడియోలు వస్తాయి, టీశాట్ విద్య అనే రాష్ట్ర ప్రభుత్వ చానల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, వాటిని జల్లెడ పట్టి మీకు కావలసిన మూడు నిమిషాలు ఏరుకోండి. గదిలో చివరి బెంచీలో ఒకసారి కూర్చుని చూడండి, కిటికీ వెలుతురు ప్యానెల్ మీద పడుతోందేమో. చాలాసార్లు వెనక వరుస పిల్లలకు తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనబడదు, వాళ్లు చెప్పరు.

మీ సీనియర్ మేడమ్ మాటను తీసిపారేయకండి. చాక్‌పీసుతో బొమ్మ గీస్తున్నప్పుడు అది ఒక్కో గీతగా పుడుతుంది, పిల్లాడి పెన్సిల్ కూడా వెంటే నడుస్తుంది. తయారై వచ్చే యానిమేషన్‌లో ఆ నిదానం ఉండదు. ఆవిడ బొమ్మ బాగా గీస్తారని మీరు రాయలేదు కానీ, అలాంటివాళ్లు సాధారణంగా గీస్తారు. వీడియో తర్వాత బొమ్మ గీయడం ఎలాగో ఆవిడనే అడిగి నేర్చుకోండి. అయితే తెరతో చదువు రాదన్న మాట దగ్గర మాత్రం నేను ఆవిడతో ఏకీభవించను. మన దేశంలో బడి పిల్లలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు 1975 ఆగస్టులోనే మొదలయ్యాయి. సైట్ అనే ఆ ప్రయోగం ఏడాది పాటు 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు చేరింది, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, మూడు నుంచి పదో తరగతి దాకా మన పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారానే పాఠాలు చెప్పాం. బడులు మూతపడ్డ ఆ రోజుల్లో అవి లేకపోతే ఏమీ ఉండేది కాదు. కానీ ‘నాకు రాలేదు సార్’ అని పిల్లాడు అంటే వినే చెవి ఆ తెరకు లేదు. ఆ చెవి ఇప్పుడు మీ క్లాసులో ఉంది, అది మీరే. అందుకే ప్యానెల్ వచ్చాక టీచర్ పని పెరిగింది.

హెచ్.ఎం. సార్‌తో గొడవ పడాల్సిన పని లేదు. ప్యానెల్ రోజూ వాడమన్నారు, వాడండి. వాడటం అంటే వీడియో నడిపించడమే కానక్కర్లేదు. ఒక పిల్ల గీసిన బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి పెద్దగా చూపించి, అందులో ఏం బాగుందో ఏం సరిదిద్దాలో క్లాసుతో మాట్లాడించొచ్చు. మైక్రోస్కోప్ కంటి దగ్గర ఫోన్ కెమెరా పెట్టి ఉల్లి పొరలోని కణాలను అందరికీ ఒకేసారి చూపించొచ్చు. అది ఏ వీడియో కంటే కూడా గొప్ప, ఎందుకంటే ఆ ఉల్లిపాయ వాళ్లే తెచ్చారు. లెసన్ ప్లాన్‌లో ‘వీడియో చూపించాను’ అని రాసే చోట ‘వీడియోకు ముందు అడిగిన ప్రశ్న, తర్వాత పిల్లలు చేసిన పని’ అని రెండు వాక్యాలు చేర్చండి. ఒక పీరియడ్‌కు సార్‌ను పిలవండి, చివరి బెంచీలో కూర్చోమనండి. బెంచీల మీద వేళ్లు తాళం వేస్తుంటే ఆయనకు మీరు ఏమీ వివరించనక్కర్లేదు.

పిల్లలు ‘మేడమ్, వీడియో!’ అన్నప్పుడు చిరాకు పడకండి. ‘ముందు మీ జవాబు రాయండి’ అనండి. మొదటి వారం గొణుగుతారు, ఎప్పట్లాగే సినిమాలా కూర్చుందామనుకున్నవాళ్లకు ఇది పని. ఒకరిద్దరు నిజంగానే మీకు ఎదురు చెప్తారు కూడా. పట్టు వదలకండి. నెల తిరిగేసరికి నాలుగు పాఠాలు ఇలా చేసి, మళ్లీ అదే కణవిభజన మీద, అదే ప్రశ్నతో, మార్కుల్లేని స్లిప్ టెస్ట్ ఒకటి పెట్టండి. ఖాళీ పేపర్లు ఎన్ని తగ్గాయో నాకు రాయండి, తగ్గకపోయినా రాయండి, ఎక్కడ బిగుసుకుపోయిందో కలిసి చూద్దాం.

గుండె పాఠం దగ్గరపడ్డప్పుడు మటన్ కొట్టు అతనికి ఒక రోజు ముందే చెప్పి పెట్టండి. వాళ్లు మామూలుగా పైనున్న నాళాలన్నీ కోసేసి ఇస్తారు. స్కూల్ పిల్లలకు చూపించడానికి అని చెప్పి, గొట్టాలు పొడుగ్గా ఉంచమనండి, మధ్యలో గాటు పెట్టొద్దనండి. పొద్దున్నే తీసుకుని, ఐసు మీద పెట్టి, మొదటి రెండు పీరియడ్లలోనే చూపించేయండి.